సాక్షి చూశాడు సరే, చూపించింది ఎవర్ని?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో గుర్తింపు పరేడ్ మీదవే ఎక్కువ. నిందితుణ్ని మరికొందరితో కలిపి వరుసలో నిలబెట్టి, నేరం చూసిన సాక్షిని గుర్తుపట్టమనడమే ఈ పరేడ్. పత్రికల్లో ‘ఐడెంటిఫికేషన్ పరేడ్’ అనీ, కోర్టుల్లో ‘టి.ఐ. పరేడ్’ అనీ వినపడేది ఇదే. ప్రశ్నల్ని కాస్త కుదించి జవాబులు ఇస్తున్నాం.

మా వీధిలో గొలుసు తెంపుకుపోయిన కేసులో నేను సాక్షిని. బైక్ మీద వెనక కూర్చున్నవాణ్ని చూశాను. వచ్చే వారం జైలు దగ్గరికి రమ్మని సమన్లు వచ్చాయి. అక్కడ ఏం చేస్తారు? గుర్తుపట్టలేకపోతే నా మీదే కేసు పెడతారా?
*– ఒక గృహిణి, హన్మకొండ*

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు. పెట్టరు. ‘వీళ్లలో ఎవరో చెప్పలేకపోతున్నాను’ అనడం కూడా జవాబే. మెజిస్ట్రేట్ దాన్ని అలాగే రాసుకుంటారు. తప్పల్లా, వచ్చాం కాబట్టి ఎవరో ఒకర్ని చూపించాలి అనుకోవడం దగ్గరే మొదలవుతుంది.

అక్కడ జరిగేది ఇదీ. పరేడ్‌ను పోలీసులు కాదు, మెజిస్ట్రేట్ నిర్వహిస్తారు. ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ దీనికి క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లోని 34వ రూలు ఆధారం. పరేడ్ కనపడని చోట మిమ్మల్ని కూర్చోబెడతారు. సాక్షులు ఎంతమంది ఉన్నా ఒక్కొక్కరినే పిలుస్తారు. లోపలికి వెళ్లగానే వరుస చూపించరు. మీరు గుర్తుపట్టబోయే మనిషి మీకు ముందే తెలుసా, ఏ గుర్తుల్ని బట్టి పోల్చగలరు అని మెజిస్ట్రేట్ ముందు అడుగుతారు. ఆ తర్వాతే వరుస ముందుకు తీసుకెళ్తారు. నిందితుడి వయసు, ఎత్తు, వాలకం ఉన్న కేసుతో సంబంధం లేని మనుషులు కూడా అందులో ఉంటారు. గుర్తుపడితే దగ్గరికెళ్లి చెయ్యి వేసి చూపించమంటారు. భయమైతే దూరం నుంచే చూపిస్తానని చెప్పండి. అతను ఆ రోజు ఏం చేశాడో కూడా అడిగి రాసుకుంటారు. బయటికి వచ్చేటప్పుడు, ఇంకా లోపలికి వెళ్లాల్సిన సాక్షులతో మాట్లాడనివ్వరు. మీ తర్వాతి సాక్షి వచ్చేలోగా వరుసలో మనుషుల స్థానాలు మారుస్తారు. కాబట్టి ‘ఎడమ నుంచి నాలుగోవాడు’ అని పక్కవాళ్లకి సైగ చేసినా పనికిరాదు.

ఈ వారం రోజులూ మీరు చెయ్యాల్సింది ఒక్కటే. ఆ కేసు వార్తలు, ఫోన్లో తిరిగే ఫొటోలు చూడకండి. మరో సాక్షి మీ పొరుగింటావిడే అయినా వాడు ఎలా ఉన్నాడో ఇద్దరూ మాట్లాడుకోకండి. ఇప్పటికే ఎవరైనా స్టేషన్‌లో మనిషినో ఫొటోనో చూపించి ఉంటే, మెజిస్ట్రేట్ అడగకపోయినా ఆ మాట చెప్పండి. ఇంకొకటి: మీరు చూసినవాడు ఆ వరుసలో లేకపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ‘ఉన్నవాళ్లలో దగ్గరగా ఉన్నది ఇతనే’ అని మనసు లాగుతుంది. అలా లాగుతున్నట్టు అనిపిస్తే అదే మాట చెప్పండి. ‘వాడిలా ఉన్నాడు’ అనడానికీ ‘వాడే’ అనడానికీ మధ్య ఓ మనిషి జీవితం ఉంటుంది.

నిందితుణ్ని కోర్టులో ఎలాగూ సాక్షి చూపిస్తాడు కదా! మళ్లీ ఈ పరేడ్ దేనికి? అసలు దీన్ని సాక్ష్యంగా పరిగణిస్తారా?
*– ఎల్ఎల్.బి. విద్యార్థి, నంద్యాల*

చట్టం ప్రకారం అసలు సాక్ష్యం కోర్టులో చూపించడమే. పరేడ్ దానికి ఊతం మాత్రమే. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన వైకుంఠం చంద్రప్ప కేసులో 1960లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ముక్కూ మొహం తెలియని నిందితుడైతే, కోర్టులో చెప్పినదానికి ముందు జరిగిన గుర్తింపు తోడుందా అని చూడటం వివేకమని కూడా అంది. 1970లో బుధ్‌సేన్ కేసు ఇదే సూత్రాన్ని ఇంకాస్త విడమరిచింది. పరేడ్ మొదటి ప్రయోజనం దర్యాప్తుకే. తాము పట్టుకున్నది సరైన మనిషినేనా అని పోలీసులకు తెలియాలి.

వినడానికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. ఘటన జరిగిన పది రోజులకు, పదిమందిలోంచి ఏరి చూపిస్తే అది ఊతం. నాలుగేళ్ల తర్వాత, బోనులో ఒంటరిగా నిలబడ్డవాణ్ని చూపిస్తే అది అసలు సాక్ష్యం! బోనులో ఉన్నవాణ్ని చూపించడానికి ఘటన గుర్తుండక్కర్లేదు, కోర్టు హాలు తెలిస్తే చాలు. కానీ చట్టం తర్కం వేరు. ప్రమాణం చేసి చెప్పింది, అడ్డుపరీక్షకు (క్రాస్ ఎగ్జామినేషన్‌కు) నిలిచింది కోర్టులోని మాట ఒక్కటే. కాబట్టి దాన్నే సాక్ష్యమంటారు, దానికి ఎంత బరువు ఇవ్వాలో తేల్చడానికి పరేడ్‌ను చూస్తారు.

పరేడ్ జరగనంత మాత్రాన కేసు పడిపోదని 1958లో కాంతా ప్రసాద్ కేసులోనే తేలింది. 2003లో మల్ఖాన్‌సింగ్ కేసులో పరేడ్ లేకపోయినా బాధితురాలు కోర్టులో గుర్తించడాన్ని సుప్రీంకోర్టు నమ్మింది. నిందితుల్ని దగ్గర నుంచి చూడటానికి ఆమెకు తగినంత వీలుంది. క్షణకాలం చూసిన దారినపోయే సాక్షి విషయంలో ఆ తీర్పును అలాగే ఎత్తి వాడితే తప్పవుతుంది. పరీక్షలో రాసేటప్పుడు ఈ తేడా తప్పకుండా రాయండి.

సెక్షన్ నంబర్లు మారాయి. మనిషి గుర్తింపుకు సంబంధించిన విషయాల్ని సాక్ష్యంలోకి రానిచ్చే పాత సాక్ష్య చట్టంలోని 9వ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 7. పరేడ్‌కు ఆదేశించే సి.ఆర్.పి.సి. (పాత నేర విచారణ స్మృతి) 54-ఎ, దాని చోట వచ్చిన బి.ఎన్.ఎస్.ఎస్.లో (భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో) 54. గుర్తించాల్సిన సాక్షికి మానసిక, శారీరక వైకల్యం ఉంటే మెజిస్ట్రేట్ పర్యవేక్షణలో, వీడియో తీస్తూ జరపాలన్న నిబంధన కూడా అందులోనే ఉంది.

మా తమ్ముణ్ని దోపిడీ కేసులో అరెస్టు చేశారు. రెండో రోజే టీవీలో మొహం కనపడేలా చూపించారు. ఇప్పుడు పరేడ్ అంటున్నారు. వెళ్లనని నిరాకరించవచ్చా?
*– ఏలూరు నుంచి ఒక పాఠకుడు*

నిరాకరిస్తే నష్టమే ఎక్కువ. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న రాజ్యాంగ రక్షణ, అంటే 20(3) అధికరణం, ఇక్కడ వర్తించదు. నలుగురిలో నిలబడటం సాక్ష్యం చెప్పడం కాదు. ఈ వాదానికి 1961లో 11 మంది న్యాయమూర్తులు ఇచ్చిన కాఠీ కాలూ ఓఘడ్ తీర్పు మూలం. 2023 ఆగస్టులో ముకేశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పరేడ్ గురించే నేరుగా చెప్పింది. ఆ రక్షణ పేరుతో నిందితుడు పరేడ్‌ను కాదనలేడని, కాదంటే కోర్టు దాన్ని అతనికి ప్రతికూలంగా తీసుకోవచ్చని.

అందుకని వెళ్లాలి, వెళ్లి అభ్యంతరం రాయించాలి. 34వ రూలు మీ తమ్ముడికి ఇచ్చే హక్కులు చిన్నవేం కావు. వరుసలో తన చోటు తానే ఎంచుకోవచ్చు. ‘ఇక్కడున్న మనుషుల మీద, ఏర్పాట్ల మీద అభ్యంతరం ఉందా?’ అని మెజిస్ట్రేట్ అతణ్ని అడిగి తీరాలి. అతను ఏం చెబితే అది రాసుకోవాలి. ‘ఫలానా తేదీన నా మొహం టీవీలో వచ్చింది’, ‘స్టేషన్ వరండాలో నన్ను సాక్షులకు చూపించారు’, ‘నాకొక్కడికే గడ్డం ఉంది’... ఇలా తేదీ, చోటు పెట్టి చెప్పాలి. ఒంటి మీద కొట్టొచ్చినట్టు కనపడే చొక్కా ఉంటే మార్పించమని అడగొచ్చు. ‘అన్యాయం’ అని ఊరుకుంటే కాగితం మీద మిగిలేదేమీ ఉండదు.

మీరు ఇంటి దగ్గర చెయ్యాల్సింది ఆ టీవీ క్లిప్‌ను ప్రసారమైన తేదీ, సమయంతో సహా భద్రపరచడం. రిమాండ్ రిపోర్టు (నిందితుణ్ని కస్టడీకి పంపమని పోలీసులు కోర్టుకిచ్చే కాగితం) నకలు తీసుకోండి. కోర్టుకు తెచ్చినప్పుడు మొహానికి ముసుగు ఉందా, ఆ విషయం రికార్డులో ఉందా చూడండి. గుర్తింపు జరపాల్సిన నిందితుణ్ని అరెస్టు చేసిన క్షణం నుంచి ముసుగులో ఉంచాల్సిన బాధ్యత పోలీసులదే. 2022లో గిరీశన్ నాయర్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది: నిందితుణ్ని సాక్షులకు ముందే చూపించి ఆ తర్వాత పరేడ్ పెడితే, పరేడే కాదు, కోర్టులో జరిగే గుర్తింపు కూడా అర్థం లేనిదవుతుందని.

పరేడ్ ప్రొసీడింగ్స్ చేతికి వచ్చాయి. ఏది ముందు చూడాలి? సీనియర్లు ‘ఆలస్యం చూడు’ అంటారు. అంతేనా?
*– జూనియర్ న్యాయవాది, కరీంనగర్*

ఆలస్యం మూడోది. ముందు చూడాల్సింది పరేడ్ నాటి కాగితం కాదు, నేరం జరిగిన నాటి కాగితం. ఎఫ్.ఐ.ఆర్.లోనూ, పోలీసులు నమోదు చేసిన వాంగ్మూలంలోనూ (పాత 161, ఇప్పుడు బి.ఎన్.ఎస్.ఎస్. 180) సాక్షి ఏ పోలికలు చెప్పాడు? ‘ఇద్దరు గుర్తుతెలియని వ్యక్తులు’ అని మాత్రమే ఉండి, నెల తర్వాత పరేడ్‌లో ‘కుడి కనుబొమ మీద మచ్చ’ అంటే ఆ మచ్చ మధ్యలో ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. జ్ఞాపకం కాలంతో తరుగుతుందే గాని పెరగదు. పెరిగిందంటే బయటి నుంచి ఏదో చేరింది.

రెండోది వరుస. ఎంతమంది నిందితులు, ఎంతమంది ఇతరులు? మహారాష్ట్ర క్రిమినల్ మాన్యువల్ ఒక నిందితుడికి కనీసం అరడజను మంది ఉండాలంటుంది. మన రూలులో అంకె లేదు, ‘సాధ్యమైనంత వరకు’ ఒకే వయసు, ఎత్తు, ఆకారం, జీవన స్థాయి ఉన్నవాళ్లు అని మాత్రం ఉంది. కానీ తలకాయలు లెక్కపెడితే సరిపోదు. ఒక నిందితుడు, తొమ్మిది మంది ఇతరులు అనుకుందాం. కళ్లు మూసుకుని చూపించినా పదింట ఒకసారి నిందితుడే తగులుతాడు. సాక్షి మొదట ‘గడ్డం ఉంది’ అని చెప్పి ఉండి, వరుసలో గడ్డం ఉన్నది ముగ్గురికే అయితే ఆ పదిమందీ నిజానికి ముగ్గురే. నిందితుడొక్కడికే గడ్డం ఉంటే అది పరేడే కాదు. ముగ్గురు నిందితుల్ని ఒకే వరుసలో ఏడుగురితో కలిపి నిలబెడితే, గుడ్డిగా చెయ్యి వేసినా పదింట మూడుసార్లు పోలీసులకు కావాల్సినవాడే దొరుకుతాడు.

దీన్ని పరీక్షించడానికి సైకాలజిస్టులు వాడే ఉపాయం మీరూ వాడొచ్చు. నేరం చూడని పదిమందికి సాక్షి చెప్పిన పోలికలు మాత్రం వినిపించి, వరుస ఫొటో చూపించి, ఎవరై ఉంటారో చెప్పమనాలి. వరుస సరిగ్గా ఉంటే జవాబులు చెదురుగా వస్తాయి. అందరూ ఒకర్నే చూపిస్తే ఆ వరుసే వేలు పెట్టి చూపిస్తోందన్నమాట. ఫొటో లేకపోతే ప్రొసీడింగ్స్‌లో ఇతరుల వయసు, వృత్తి రాసిన చోటు చూడండి. 22 ఏళ్ల నిందితుడి పక్కన 45 ఏళ్లవాళ్లు నిలబడిన కాగితాలు అరుదేమీ కాదు.

సాక్షుల సంఖ్య చూసి కూడా బెదరకండి. పదిమందిలో ఉన్న ఒక్క నిందితుణ్నే ఇద్దరు సాక్షులూ విడివిడిగా, యాదృచ్ఛికంగా చూపించే అవకాశం నూటికి ఒకటి. వాళ్లిద్దరూ ఒకే ఆటోలో వచ్చి, ముందే మాట్లాడుకుని ఉంటే అది మళ్లీ పదింట ఒకటే. అందుకే ‘జైలుకు ఎలా వచ్చారు, ఎవరితో వచ్చారు, ఎక్కడ కూర్చున్నారు’ అన్న మామూలు ప్రశ్నలకు అంత విలువ.

ఇక ఆలస్యం. ఇన్ని రోజులు అన్న గీత ఎక్కడా లేదు. సోనీ కేసులో 1982లో 42 రోజుల ఆలస్యం అనుమానానికి దారితీసింది. బ్రిజ్ మోహన్ కేసులో 1994లో మూడు నెలల ఆలస్యాన్నీ సుప్రీంకోర్టు తప్పుపట్టలేదు. కాబట్టి రోజులు లెక్కపెట్టి ఆగకుండా ఆ రోజుల్లో ఏం జరిగిందో చూడండి. అరెస్టు తేదీ, పరేడ్ కోరుతూ దరఖాస్తు పెట్టిన తేదీ, పరేడ్ తేదీ... ఈ మూడూ ఒక కాగితం మీద వరుసగా రాసుకుంటే ఖాళీ ఎక్కడుందో కనపడుతుంది. ఆ ఖాళీలో నిందితుడు పోలీసు కస్టడీలో ఉన్నాడా, సాక్షి అదే స్టేషన్‌కు వెళ్లాడా?

పరేడ్ జరిగేటప్పుడు పోలీసులు అక్కడున్నారా అన్నది కూడా వదలొద్దు. గుర్తింపు పోలీసుకు చెప్పిన మాట అయితే, అలాంటి మాటను సాక్ష్యంగా వాడనివ్వని పాత 162వ సెక్షన్, ఇప్పటి 181, అడ్డొస్తుంది. 1955లో రామ్ కిషన్ కేసు ఈ విషయమే తేల్చింది. పోలీసులు పూర్తిగా తప్పుకుని, గుర్తింపు మధ్యవర్తుల ముందే జరిగితే తప్ప ఆ అడ్డంకి పోదు.

సాక్షి నిజాయితీపరుడు, నిందితుడితో పగ లేదు. ప్రమాణం చేసి ‘వాడే’ అంటాడు. అలాంటివాడి మాట ఎందుకు తప్పవుతుంది?
*– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి*

మాస్టారూ, అబద్ధమాడే సాక్షి కంటే పొరబడిన సాక్షి ప్రమాదకరం. అబద్ధాన్ని అడ్డుపరీక్షలో పట్టుకోవచ్చు. పొరబడినవాడు తాను చెప్పేది తానే నమ్ముతాడు. మాట తడబడదు, చెమట పట్టదు.

లండన్‌లో అడాల్ఫ్ బెక్ అనే మనిషికి 1896లో ఏడేళ్ల శిక్ష పడింది. ఆడవాళ్లను మోసగించి నగలు కాజేశాడని పదిమంది దాకా స్త్రీలు అతణ్ని చూపించారు. వాళ్లలో ఎవరికీ అతని మీద కక్ష లేదు. అసలు దొంగ 1877లోనూ ఇలాంటి మోసాలకే ‘జాన్ స్మిత్’ పేరుతో జైలుకెళ్లాడు. ఆ పాత జైలు రికార్డులో స్మిత్‌కు సుంతీ అయినట్టు ఉంది, బెక్‌కు కాలేదు. 1898లో ఈ తేడా బయటపడ్డా బెక్‌ను వదల్లేదు. 1901లో విడుదలైతే, 1904లో మళ్లీ అలాంటి ఆరోపణల మీదే పట్టుకుని మళ్లీ దోషి అన్నారు. శిక్ష వేసేలోగా అసలు దొంగ దొరికాడు. బెక్‌కు 5,000 పౌండ్లు పరిహారమిచ్చారు. 1907లో ఇంగ్లండ్‌లో క్రిమినల్ అప్పీలు కోర్టు ఏర్పడటానికి ఈ కేసు ఓ పెద్ద కారణం. పదిమంది ఒకే మాట చెప్పినా ఆ పదీ తప్పు కావచ్చని దీనివల్ల తెలిసింది. అమెరికాలో డి.ఎన్.ఎ. పరీక్షతో నిర్దోషులుగా తేలినవాళ్ల కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతుల్లో తప్పుడు గుర్తింపు ఉంది.

కారణాలు మనందరికీ ఉన్నవే. కత్తి ఎదురుగా ఉంటే చూపు కత్తి మీద నిలుస్తుంది, మొహం మీద కాదు. భయంలో మూడు సెకన్లు మూడు నిమిషాలుగా తోస్తాయి. ‘బాగా చూశాను, చాలాసేపు చూశాను’ అన్నది అందుకే అబద్ధం కాకపోయినా నిజం కాదు. తర్వాత ఫొటో చూస్తే, ఆ ఫొటోలోని మొహం నేరం నాటి మొహం స్థానంలో వచ్చి కూర్చుంటుంది. మొహం గుర్తుంటుంది గాని దాన్ని ఎక్కడ చూశామో మనసు చెప్పలేదు. అందుకే జ్ఞాపకాన్ని కల్తీ లేకుండా పరీక్షించడం ఒక్కసారే కుదురుతుంది. మొదటిసారి పాడైతే రెండోసారి ఎంత పద్ధతిగా చేసినా ఆ పాడే మళ్లీ బయటికొస్తుంది.

ధీమా సంగతి ఇంకా వింతైంది. పద్ధతిగా జరిపిన మొదటి పరేడ్‌లో, చూపించిన క్షణాన సాక్షి ‘ఖాయం’ అన్నాడా ‘అనుకుంటున్నాను’ అన్నాడా అన్నదానికి విలువుంది. ఆ తర్వాత ‘సరిగ్గా చూపించారమ్మా’ అని ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, ధీమా పెరిగిపోతుంది. ‘దగ్గర నుంచి చూశాను’ అన్న నమ్మకం కూడా దాంతోపాటే పెరుగుతుంది. నాలుగేళ్ల తర్వాత బోను ముందు వినిపించే ‘నూటికి నూరు పాళ్లు వాడే’ ఇలా తయారైన ధీమా కావచ్చు.

వెన్నెల్లో పదిహేడు గజాలు దాటితే మనిషిని పోల్చలేమని కోర్టులో వాదించారు. నిజమా?
*– శ్రీకాకుళం జిల్లా పాఠకుడు*

వైద్య న్యాయశాస్త్ర గ్రంథాల్లోని పాత లెక్క అది. బాగా తెలిసిన మనిషిని కూడా నిండు వెన్నెల్లో 17 గజాలకు, అంటే దాదాపు 15.5 మీటర్లకు, మించి పోల్చలేమని. ఉరవడిగా వాదించడానికి బాగుంటుంది గాని దాన్ని స్కేలులా వాడకూడదు. రోజూ చూసే మనిషిని నడక, గొంతు, ఒడ్డూపొడుగూ బట్టి కూడా పోలుస్తాం. పల్లెటూరి చీకటికి అలవాటుపడ్డ కంటిని పట్నంలో ట్యూబులైట్ల కింది కంటితో కొలవొద్దని సుప్రీంకోర్టు తీర్పులే ఉన్నాయి. కొత్తవాడైతే మాత్రం ఆ 17 గజాలు కూడా ఎక్కువే. పరీక్ష చెయ్యాలంటే తిథి, చంద్రోదయ సమయం పంచాంగంలో చూసి, ఆ తిథికి అదే చోట, అదే గంటకు నిలబడి చూడటమే.

సి.సి. కెమెరా వీడియో ఉంటే పరేడ్ అక్కర్లేదా?
*– విజయవాడ*

వీడియోలో మొహం స్పష్టంగా ఉంటే అది వేరే సాక్ష్యం, దాని నిబంధనలు దానివి. ఆ వీడియోను ముందుగా సాక్షికి చూపించి తర్వాత పరేడ్ పెట్టడం మాత్రం పరేడ్‌ను చేజేతులా చంపుకోవడమే. క్రమం ముఖ్యం: సాక్షికి పరేడ్ ముందు, వీడియో తర్వాత.

మేం న్యూజెర్సీలో ఉంటాం. మా దుకాణంలో దొంగతనం జరిగింది. పోలీసులు ఫొటోలు చూపిస్తారట. మనవాళ్లకు ఇంగ్లిష్ అంతంతమాత్రం.
*– ఎడిసన్ నుంచి*

అక్కడ ఎక్కువగా ఫొటోలతోనే జరుగుతుంది. ఒక అనుమానితుడికి కనీసం ఐదుగురు ఇతరుల ఫొటోలు కలపాలన్నది 2001 నుంచి ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ మార్గదర్శకాల్లో ఉంది. వీలైనంత వరకు ఆ కేసు ప్రధాన దర్యాప్తు అధికారి కాకుండా మరొకరు చూపించాలన్నదీ అందులో ఉంది. తెలియకుండానే కళ్లతో, గొంతుతో సూచన ఇవ్వకుండా ఉండటానికి. 2011లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు హెండర్సన్ కేసులో, జ్ఞాపకాన్ని చెడగొట్టే కారణాల్ని జూరీకి వివరించాలంది. మరో జాతి మనుషుల మొహాల్ని పోల్చడంలో ఎవరైనా ఎక్కువగా తప్పుతారన్నది వాటిలో ఒకటి. మన కంటికి అక్కడివాళ్ల మొహాలకూ అదే వర్తిస్తుంది.

భాష విషయంలో మొహమాటపడకండి. దుభాషీని అడగండి, బంధువు కాని మనిషిని. మీ వాళ్లు ‘ఇలాగే ఉన్నాడండీ’ అన్నదాన్ని ‘ఇతనే’ అని తర్జుమా చేసి రాసుకున్నారేమో, సంతకం పెట్టేముందు ఆ ఒక్క వాక్యం చదివించుకుని వినండి.